తరగతి గదిలో గాలి ఆడుతోందా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

బెజవాడలో అద్దెకు రెండు గదులు చూసుకునేటప్పుడు మనం ఇంటి యజమానిని మొట్టమొదట అడిగే మాట "గాలీ వెలుతురూ వస్తాయా అండీ?" అన్నదే. నీళ్లు, అడ్వాన్సు, కరెంటు మీటరు సంగతులన్నీ ఆ తరువాతే వస్తాయి. అంత జాగ్రత్తపడే మనం, వేలకు వేలు ఫీజు కట్టి పిల్లలను బడిలో చేర్పించేటప్పుడు మాత్రం ఫలితాల గురించి, బస్సు గురించి అడిగి ఊరుకుంటున్నాం. వాళ్లు రోజుకు ఏడెనిమిది గంటలు కూర్చునే గదిలోకి గాలి ఎటునుంచి వస్తుందో, ఎటు పోతుందో అడగడం లేదు. ముప్పై ఏళ్లు పురపాలక ఉన్నత పాఠశాలల్లో భౌతిక రసాయన శాస్త్రాలు బోధించి పదవీ విరమణ చేసిన నేను కూడా, నా సొంత మనవరాలి విషయంలో ఆ ప్రశ్నను ఆలస్యంగానే అడిగాను. అందుకే ఈ సంగతిని మీ పత్రిక ద్వారా మన విజయవాడ, గుంటూరు నగరాల తల్లిదండ్రుల దృష్టికి, విద్యాశాఖ అధికారుల దృష్టికి తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మనవరాలు ఏడో తరగతి చదువుతోంది. మొన్న జూలై నుంచి బడి నుంచి రాగానే సంచి ఒక మూల పెట్టి, "తల బరువుగా ఉంది అమ్మమ్మా" అంటూ పడుకోవడం మొదలుపెట్టింది. కళ్ల డాక్టరుకు చూపిస్తే చూపులో లోపం లేదన్నారు, రక్తపరీక్షలోనూ ఏమీ తేలలేదు. ఆదివారాలు ఆ బరువు ఉండేది కాదు. దసరా సెలవుల్లో ఒక్కరోజైనా తలనొప్పి అనలేదు, బడి తెరిచిన రెండో రోజుకే మళ్లీ మొదలైంది. చదువు ఎగ్గొట్టడానికి వంక పెడుతోందేమోనని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు కూడా. పిల్ల స్వభావం నాకు తెలుసు కనుక ఆ మాట నమ్మలేక, తల్లిదండ్రుల సమావేశం రోజున ఆఫీసు గదిలో కూర్చోకుండా నేరుగా మూడో అంతస్తులోని వాళ్ల తరగతి గదికే వెళ్లాను.

తలుపు తీయగానే చెమట, మధ్యాహ్నం డబ్బాల్లోని పులిహోర, వాటి మీద చల్లిన మల్లెపూల రూమ్ ఫ్రెషనర్ కలిసిన వాసన ముఖానికి కొట్టింది. సుమారు ఇరవై అడుగుల పొడవూ అంతే వెడల్పూ ఉన్న ఆ గదిలో నలభై ఎనిమిది మంది పిల్లలున్నారు. దుకాణాల కోసం కట్టిన భవనాన్ని బడిగా మార్చినందువల్ల కిటికీలన్నీ రోడ్డు వైపు గోడకే ఉన్నాయి, ఎదుటి గోడకు ఒక్కటీ లేదు. ఉన్న జరుపుడు కిటికీలకు కూడా అద్దానికీ చట్రానికీ మధ్యనున్న సందు పొడుగునా గోధుమరంగు ప్యాకింగ్ టేపు అంటించి ఉంది. అంచుల దగ్గర ఊడి, దుమ్ము పట్టి, నల్లగా చుట్టుకుపోయిన ఆ టేపును చూస్తే అది ఈ ఏడాది వేసినది కాదని తెలుస్తూనే ఉంది. చల్లగాలి బయటికి పోకుండా వేశామని ఆయా చెప్పింది. చివరి బెంచీలో ఇద్దరు పిల్లలు చేతుల మీద తలవాల్చి ఉన్నారు. ప్రధానోపాధ్యాయుల వారితో ఈ మాట అంటే ఆయన ఎంతో మర్యాదగా, "ఏసీ ఉంది కదా మేడమ్, గాలికి లోటేమిటి?" అన్నారు. ఆయన నన్ను మభ్యపెట్టడానికి ఆ మాట అనలేదు, నిజంగానే అలా నమ్ముతున్నారు. ఆ గదికి ఎక్కువ ఫీజు కడుతున్న తల్లిదండ్రులు కూడా అలాగే నమ్ముతున్నారు.

ఈ నమ్మకం ఎక్కడ తప్పో వివరంగా చెప్పవలసిన అవసరం ఉంది. మన ఇళ్లలోనూ బడుల్లోనూ గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లని గొట్టాల చుట్ట మీదుగా పంపి, అందులోని వేడినీ కొంత తేమనూ తీసి, ఆ గాలినే మళ్లీ గదిలోకి వదులుతుంది. వేడి మాత్రమే గొట్టాల ద్వారా బయటి యూనిట్‌కు పోతుంది, గాలి పోదు. పిల్లలు వదిలిన ఊపిరి ఎక్కడికీ పోకుండా అక్కడే తిరుగుతూ ఉంటుంది. సీలింగ్ ఫ్యానుదీ ఇదే కథ, అది ఉన్న గాలిని కలియబెడుతుందే కానీ కొత్త గాలిని తేదు. చల్లగా ఉన్న గదిలో ఉక్కపోత తెలియదు కాబట్టి గాలి పాడైందన్న సంగతి కూడా తెలియదు. ఉక్కపోసిన గదిలో ఎవరో ఒకరు లేచి కిటికీ తెరుస్తారు, చల్లటి గదిలో ఆ ఆలోచనే రాదు.

ఇక లెక్క చూద్దాం. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు పది లక్షల పాళ్లలో 420 పాళ్లకు పైగా ఉంది. మనం వదిలే ఊపిరిలో అది నూటికి నాలుగు పాళ్లు, అంటే పది లక్షలకు నలభై వేల పాళ్లు. ఏడో తరగతి వయసు పిల్లలు కూర్చుని చదువుకునేటప్పుడు ఒక్కొక్కరు గంటకు సుమారు 15 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. నలభై ఎనిమిది మంది కలిసి 720 లీటర్లు వదులుతారన్నమాట. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి దాదాపు 1,13,000 లీటర్లు. గాలి అసలు మారకపోతే ముప్పావు గంట పీరియడ్ పూర్తయ్యేసరికి కార్బన్ డయాక్సైడ్ 5,000 పాళ్లు దాటుతుంది. తలుపు సందుల్లోంచి గంటకొకసారి గది గాలంతా మారుతుందని ఉదారంగా అనుకున్నా మూడున్నర వేలు దాటుతుంది. ఫ్యాక్టరీల చట్టం ఎదిగిన కార్మికులకు ఎనిమిది గంటల పనికి పెట్టిన పరిమితి 5,000 పాళ్లు అని గుర్తుచేసుకుంటే, పన్నెండేళ్ల పిల్లలను మనం ఎక్కడ కూర్చోబెడుతున్నామో అర్థమవుతుంది. ఆ గదిలో అది వెయ్యి పాళ్లు దాటకుండా ఉండాలంటే ఒక్కో విద్యార్థికి సెకనుకు సుమారు ఏడు లీటర్ల బయటి గాలి అందాలి, అంటే గంటకు పది పదకొండు సార్లు గది గాలి మొత్తం మారాలి. వినడానికి ఇది చాలా పెద్ద సంఖ్యలా ఉన్నా, ఎదురెదురు గోడలకు కిటికీలుండి, రెండు వైపులా తెరిచి ఉంచితే కొద్దిపాటి గాలికే అది సాధ్యమవుతుంది.

ఈ వెయ్యి పాళ్ల హద్దు నేను కల్పించినది కాదు. మ్యూనిక్ నగరానికి చెందిన ఆచార్యుడు మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే, గదిలో గాలి మంచిదో కాదో తేల్చడానికి కార్బన్ డయాక్సైడ్‌ను కొలమానంగా తీసుకొని, అది వెయ్యికి ఒక పాలు, అంటే పది లక్షలకు వెయ్యి పాళ్లు, మించరాదని చెప్పాడు. ఆ వాయువు ఆ మోతాదులో విషమని ఆయన అనలేదు. అది పెరిగిందంటే మనుషుల ఊపిరితో పాటు వచ్చేవన్నీ గదిలో పేరుకున్నాయని గుర్తు అన్నాడు. నేటికీ అదే దృష్టితో దానిని కొలుస్తున్నారు.

నేను ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాల్లో పదో తరగతి పిల్లలకు దీనిని కళ్లారా చూపించాను. జనవరి నెల, చలిగాలి వస్తోందని, రోడ్డు మీద లారీల మోతకు పాఠం వినబడటం లేదని కిటికీలన్నీ మూసుకున్నారు. కార్బన్ డయాక్సైడ్ తగిలితే తెల్లబడే, తేరుకున్న సున్నపు తేటను రెండు గాజు పళ్లేలలో సమానంగా పోసి, ఒకటి తరగతి గదిలో బల్ల మీద, రెండోది వరండాలో పిట్టగోడ మీద పెట్టాం. గంట కొట్టేసరికి వరండాలోని పళ్లెంలో అంచుల దగ్గర మాత్రం పలుచని పొర తేలింది. గదిలోని పళ్లెం మీద పాల మీద మీగడ కట్టినట్లు తెల్లటి పొర కట్టి, వేలితో తాకితే పెళుసుగా విరిగింది. "ఇదంతా మనం వదిలిన ఊపిరేనా టీచర్?" అని మొదటి బెంచీలోని అమ్మాయి అడిగింది. ఆ మరునాటి నుంచి నేను చెప్పకుండానే ఎవరో ఒకరు ముందుగా వచ్చి కిటికీలు తెరిచి ఉంచేవారు. ప్రయోగశాలలో సున్నపు తేటలోకి ఊది తెల్లబడటం చూపించడం ప్రతి బడిలోనూ జరిగేదే. దానికి బదులు ఈ రెండు పళ్లేలను పెట్టి చూపమని సైన్స్ ఉపాధ్యాయులందరినీ కోరుతున్నాను.

గాలి మారని గది చదువును ఎంత దెబ్బతీస్తుందన్నది ఊహించుకుని చెప్పవలసిన పని లేదు. అమెరికాలో వంద ఐదో తరగతి గదులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి 87 గదుల్లో గాలి మారే వేగం అక్కడి ప్రమాణం కంటే తక్కువగా ఉన్నట్లు తేలింది. ఆ కొరత ఉన్న గదుల్లో ఒక్కో విద్యార్థికి సెకనుకు ఒక లీటరు చొప్పున గాలి పెరిగిన కొద్దీ గణితంలో ఉత్తీర్ణుల శాతం దాదాపు 3 చొప్పున ఎక్కువగా కనబడింది. కాలిఫోర్నియాలో 162 తరగతి గదుల్లో జరిగిన మరో పరిశీలనలో, అదే ఒక్క లీటరు పెరుగుదలకు అనారోగ్యంతో బడి మానే రోజులు దాదాపు 1.6 శాతం తక్కువగా ఉన్నట్లు తేలింది. అమెరికాలోని బర్కిలీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2012లో 22 మంది మీద ప్రయోగం చేసి, కార్బన్ డయాక్సైడ్ 2,500 పాళ్లకు చేరినప్పుడు నిర్ణయాలు తీసుకునే శక్తి బాగా తగ్గిందని ప్రకటించారు. ఆ మందగింపుకు ఆ వాయువే కారణమా, దానితో పాటు గదిలో పేరుకునేవి కారణమా అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా భేదాభిప్రాయాలున్నాయని నేను నిజాయితీగా ఒప్పుకుంటాను. కారణం ఏదైనా మందు మాత్రం ఒక్కటే, గాలి మారాలి. ర్యాంకుల కోసం ఉదయం ఐదింటికి పిల్లలను లేపే మన ప్రాంతంలో, అదే గదిలో కూర్చోబెట్టి వాళ్ల బుర్రను మనమే మొద్దుబారుస్తున్నామన్న మాట యాజమాన్యాల చెవికి ఎక్కితే చాలు.

జబ్బుల సంగతి వేరే చెప్పాలి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఆ క్రిములు గాలిలో తేలుతూ గంటల తరబడి నిలిచే రకం. తట్టు, ఫ్లూ, కోవిడ్ కూడా మూసిన గదుల్లోనే ఎక్కువగా అంటుకుంటాయి. కోవిడ్ కాలంలో కిటికీలు తెరవండని ఊరూవాడా చెప్పిన మనం, ఆ మాటను మాస్కులతో పాటే పక్కన పడేశాం. బ్రిటన్ ప్రభుత్వం మాత్రం 2021లో తన పాఠశాలలకు దాదాపు మూడు లక్షల కార్బన్ డయాక్సైడ్ మీటర్లు పంపి, 1,500 పాళ్లు దాటితే కిటికీలు తెరవాలని సూచించింది. అంత చలిదేశంలోనే కిటికీ తెరవగలిగినప్పుడు, ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి కోసం డాబా ఎక్కి పడుకునే మనకు ఎందుకు సాధ్యం కాదో నాకు అర్థం కాదు.

అయితే కిటికీ ఎందుకు మూస్తున్నారో తెలియకుండా తెరవమని చెప్పడం న్యాయం కాదు. మన ఊళ్లో దానికి మూడు కారణాలున్నాయి, మోత, దుమ్ము, దోమలు. ఏలూరు రోడ్డు మీదో, బందరు రోడ్డు మీదో, ఆటోనగర్ పక్కనో ఉన్న బడిలో కిటికీ తెరిస్తే ఉపాధ్యాయులు గొంతు చించుకోవలసి వస్తుంది. బయటి గాలి శుభ్రమైనదేమీ కాదు. కేంద్రం 2019లో ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి, అంటే ప్రమాణాలను అందుకోలేకపోయిన నగరాల్లో మనవీ ఉన్నాయి. వాహనాల పొగ, నిర్మాణాల దుమ్ము, తగలబెట్టే చెత్త, ఇబ్రహీంపట్నం వైపు బొగ్గు విద్యుత్ కేంద్రం బూడిద మనకు తెలియనివి కావు. గాలిలోని అతి సన్నని ధూళికణాలకు, అంటే పీఎం 2.5కు, మన దేశం 2009లో పెట్టుకున్న వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు కాగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది కేవలం 5. గుంటూరులో మా అక్కగారి ఇల్లు మిర్చియార్డుకు దగ్గర. సీజను మొదలై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతున్న రోజుల్లో, తొడిమలు తీసే చోట్ల నుంచి వచ్చే ఘాటుకు ఆ వీధుల్లోని బడి పిల్లలు తుమ్ములతో, పొలమారుతూ పాఠం వినడం నేను చూశాను. అక్కడ కిటికీ మూయడం తప్పని నేను అనలేను.

కానీ మూసిన కిటికీ ఈ ధూళిని ఆపుతుందన్నది సగం మాత్రమే నిజం. ఆ సన్నని కణాలు సందుల్లోంచి, తలుపు తీసినప్పుడల్లా లోపలికి వస్తూనే ఉంటాయి, పిల్లల ఊపిరి మాత్రం బయటికి పోదు. దానికి పరిష్కారం గదిని బిగించడంలో లేదు. రోడ్డు వైపు కిటికీలు మూసి వెనుక వైపు, వరండా వైపు తెరవవచ్చు. ఉదయం తొమ్మిదింటి రద్దీ తగ్గాక తెరవవచ్చు. పీరియడ్ మారేటప్పుడు ఐదు నిమిషాలు తలుపులూ కిటికీలూ బార్లా తీసి పెట్టవచ్చు. ఏసీ తప్పదనుకునే చోట, బయటి గాలిని వడపోత గుండా లోపలికి నెట్టే ఒక ఫ్యాను, ఎదుటి గోడకు లోపలి గాలిని బయటికి తోసే ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలి. కరెంటు బిల్లు కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. మిర్చియార్డు వంటి చోట్ల మాత్రం వడపోత లేకుండా కుదరదు. దోమల విషయంలో సన్నని జాలీ బిగిస్తే గాలి తగ్గుతుంది కాబట్టి, ఆ మేరకు కిటికీ వైశాల్యం పెంచుకోవాలి.

గది లోపల పుట్టే మాలిన్యం గురించి ఎవరూ మాట్లాడరు. ఉదయం పిల్లలు వచ్చాక పొడి చీపురుతో ఊడ్చడం మన ప్రభుత్వ పాఠశాలల్లో నేటికీ ఉన్న అలవాటు, ఆ లేచిన సుద్దపొడీ దుమ్మూ మొదటి పీరియడ్ అంతా గాలిలోనే ఉంటాయి. ముందురోజు సాయంత్రం ఊడ్చి, పొద్దున తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. సున్నాలు, రంగులు వేయడం వేసవి సెలవులన్నీ గడిచిపోయాక జూన్ మొదటివారంలో మొదలుపెడతారు, 12వ తేదీన బడి తెరిచేసరికి ఆ ఘాటు పోకుండానే పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఏప్రిల్ చివర సెలవులు ఇవ్వగానే వేసి, కిటికీలు తెరిచి ఉంచితే నెలన్నరలో ఆరిపోదా? రూమ్ ఫ్రెషనర్ గాలిని శుభ్రం చేయదు, ఉన్న గాలికి మరికొన్ని రసాయనాలు కలుపుతుంది. పిల్లికూతలు వచ్చే పిల్లలున్న గదిలో దానిని చల్లడం నేరమనే నేను అంటాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మనం మరచిపోలేదు. అటువంటి ముంపు తరువాత గోడలు పైకి ఆరినట్లు కనిపించినా లోపల చెమ్మ నెలల తరబడి ఉంటుంది. ఆ చెమ్మ మీదే రంగు వేస్తే కొద్దికాలానికే అడుగుభాగం పొక్కులు లేచి నల్లటి బూజు పడుతుంది. చెమ్మకూ బూజుకూ ఉబ్బసానికీ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే స్పష్టంగా చెప్పింది. ముంపు ప్రాంతంలోని ప్రతి బడిలోనూ గోడల అడుగుభాగాన్ని ఒకసారి చేత్తో తడిమి చూడాలి.

నా మనసును ఎక్కువగా బాధించేది హాస్టళ్ల సంగతి. మన జిల్లాల్లో ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఎందరో అపార్ట్‌మెంట్లలాంటి భవనాల్లోనే తిని, అక్కడే పడుకుని, అక్కడే రాత్రి పది గంటల వరకు స్టడీ అవర్లలో కూర్చుంటారు. వాళ్లకు బయటి గాలి తగిలేది భోజనానికి మెట్లు దిగేటప్పుడే. దోమల కోసం కిటికీలు మూసి మంచాల కింద దోమల చుట్ట వెలిగిస్తారు. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని 2003లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కొడుకు సిగరెట్టు ముట్టుకున్నాడని తెలిస్తే ఉలిక్కిపడే తల్లిదండ్రులు, ఈ పొగలో వాడు రెండేళ్లు నిద్రపోతున్నాడని తెలిస్తే ఏమంటారు? దోమతెర ఖరీదు ఎంత కనుక?

పాత బడులు కట్టినవాళ్లకు మీటర్లు లేవు కానీ ఈ తెలివి ఉంది. నేను మొదట ఉద్యోగంలో చేరిన బడికి మంగుళూరు పెంకుల కప్పు, ఎత్తైన గోడలు, ప్రతి కిటికీ పైన ఒక వెంటిలేటరు, ఉత్తర దక్షిణాలకు ఎదురెదురు కిటికీలు ఉండేవి. వేడెక్కిన గాలి పైకి లేచి వెంటిలేటరు గుండా పోయేది, కింద నుంచి చల్లగాలి వచ్చేది. మధ్యాహ్నం తాడు లాగి వెంటిలేటరు తెరవడం తరగతి లీడరు పని. నేడు అటువంటి గదులను పడగొట్టి పది అడుగుల స్లాబు వేసి, దాని కింద ఫాల్స్ సీలింగ్ కూడా బిగిస్తున్నాం. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం మనవంటి తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో మనుషులుండే గదుల కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతుకు తగ్గకూడదు. మా మనవరాలి గదికి ఆ లెక్కన దాదాపు 67 చదరపు అడుగుల కిటికీలుండాలి. జరుపుడు కిటికీ ఎంత పెద్దదైనా సాధారణంగా తెరుచుకునేది సగమే కనుక, పటంలో చూపిన వైశాల్యాన్ని నమ్మడానికి కూడా లేదు.

చట్టం ఏం చెబుతోందని చూస్తే, 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో తరగతి గదులు, మరుగుదొడ్లు, మంచినీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ గోడ ఉన్నాయి, గాలి గురించి ఒక్క మాట లేదు. ప్రభుత్వ బడులను బాగుచేసిన నాడు-నేడు పనుల్లో ఫ్యాన్లు, లైట్లు, రంగులు, ప్రహరీలు వచ్చాయి, సంతోషమే. ప్రైవేటు పాఠశాలకు గుర్తింపు ఇచ్చేటప్పుడు భవన దృఢత్వానికీ, అగ్నిమాపక భద్రతకూ, పారిశుద్ధ్యానికీ ధ్రువపత్రాలు అడుగుతారు. వాటి పక్కన మరో కాగితం చేర్చమని జిల్లా విద్యాశాఖాధికారులను కోరుతున్నాను. ఒక్కో గదిలో ఎందరు పిల్లలు కూర్చుంటున్నారు, నిజంగా తెరుచుకునే కిటికీల వైశాల్యం ఎంత, పీరియడ్ ముగిసే సమయానికి గదిలో కార్బన్ డయాక్సైడ్ ఎన్ని పాళ్లు ఉంది అన్న మూడు అంకెలు అందులో ఉంటే చాలు. మీటరు ఖరీదు కొన్ని వేల రూపాయలు మాత్రమే, మండలానికి ఒకటి కొని మండల విద్యాశాఖాధికారి (ఎంఈవో) గారి చేతికి ఇచ్చినా సరిపోతుంది. చెప్పి వెళ్లకుండా, మధ్యాహ్నం మూడింటికి, పిల్లలు నిండుగా ఉన్న గదిలో కొలవాలి.

నగరపాలక సంస్థలకు కూడా ఒక విన్నపం ఉంది. స్వచ్ఛ వాయు కార్యక్రమం నిధుల్లో దేశమంతటా ఎక్కువ భాగం రోడ్ల మీది దుమ్ము అణచడానికే ఖర్చవుతోంది. అందులో కొంత మొత్తంతో, రోడ్డు వారగా ఉన్న పురపాలక పాఠశాలల్లో వెనుక గోడకు కిటికీలు తీయించడం, వంటగది పొగ తరగతుల వైపు రాకుండా గొట్టం పెట్టించడం వంటి పనులు చేయించవచ్చు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది. ఊళ్లో గాలిని కొలిచే ఆ సిబ్బందే నెలకు రెండు బడుల్లోకి అడుగుపెట్టి లోపలి గాలిని కూడా కొలిచి, ఆ అంకెలను మీవంటి పత్రికల్లో ప్రకటిస్తే, ఏ యాజమాన్యానికీ ఎవరూ ప్రత్యేకంగా చెప్పవలసిన పని ఉండదు.

తోటి తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈసారి సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల కాగితం చూసే ముందు తరగతి గది తలుపు తీసి, మొదటి శ్వాసలో ఏ వాసన వచ్చిందో గమనించండి. రెండు నిమిషాలు ఆగితే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది, అందుకే రోజంతా లోపలుండే పిల్లలకూ ఉపాధ్యాయులకూ అది తెలియదు. బయటి నుంచి వచ్చిన మనకే తెలుస్తుంది. పిల్ల తలనొప్పి అంటే ఏ వారం, ఏ రోజు, ఏ వేళకు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టండి, డాక్టరుకూ బడికీ రెండు చోట్లా అది ఉపయోగపడుతుంది.

నేను మాట్లాడిన తరువాత మా మనవరాలి బడిలో విరామ సమయంలో ఏసీ ఆపి తలుపు తెరిచి ఉంచుతున్నారు. ఆ పూట కొంచెం తేలికగా ఉంటోందని పిల్ల చెబుతోంది. కిటికీ టేపు మాత్రం ఇంకా తీయలేదు, తీస్తే రోడ్డు మోత వస్తుందని వెనుకాడుతున్నారు. వరండా వైపు గోడకు పైభాగాన రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెడితే ఎంతవుతుందో ఎలక్ట్రీషియన్‌ను అడిగి అంచనా రాయించాను. ఆ కాగితమూ, రెండు గాజు పళ్లేలూ, ఒక సీసాలో సున్నపు తేటా తీసుకుని వచ్చే సోమవారం మళ్లీ ప్రధానోపాధ్యాయుల వారి దగ్గరకు వెళుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ